ఎమీ జాన్సన్

ఒక నగరమునుండి మఱియొక నగరమునకు ఎంత దూరము గలదు, విమానములో ఎన్ని గంటలు పట్టును అని అడిగినచో నేటి బాలబాలికలు క్షణములో సమాధానము చెప్పుదురు. నేను పాఠశాలలో భూగోళ శాస్త్రము బోధించిన దినములలో ఈ ప్రశ్నకు సమాధానమును దారముతో రాబట్టెడివారము. బల్లపై గ్లోబు నుంచి, దారపు కొన నొకదానిని లండన్ నగరముపై ఒక బాలుడును, రెండవ కొనను ఆస్ట్రేలియా ఉత్తర తీరమందలి డార్విన్ పట్టణముపై మఱియొక బాలుడును పట్టుకొని బిగువుగా లాగెడివారు. ఆ దారము రష్యా, చైనా దేశముల మీదుగా పోయి, భూమి చుట్టుకొలతలో మూడవ వంతునకు కొంచెము హెచ్చుగా నుండును. లెక్క కట్టినచో సుమారు 8,600 మైళ్లు, అనగా 13,800 కిలోమీటరులు తేలును.

కాని 1930వ సంవత్సరమున ఈ రెండు పట్టణముల నడుమ ఒంటరిగా విమానము నడపిన ఒక యువతి ఎగిరిన దూరము 11,000 మైళ్లు, అనగా దాదాపు 18,000 కిలోమీటరులు. దారమునకు పెట్రోలు అక్కఱలేదు, నిద్ర అక్కఱలేదు. రాత్రి దిగుటకు మైదానము అక్కఱలేదు. మనుష్యులకు ఇవన్నియు కావలెను. కావుననే దారము చెప్పిన దూరమునకును ఆమె ఎగిరిన దూరమునకును అంత భేదము వచ్చినది. ఆ యువతి పేరు ఎమీ జాన్సన్.

ఎమీ 1903వ సంవత్సరము జూలై 1వ తేదీన ఇంగ్లండు తూర్పు తీరమున నున్న హల్ అను ఓడరేవు పట్టణములో జన్మించెను. తండ్రి చేపల వర్తకుడు. నలుగురు కుమార్తెలలో ఈమె పెద్దది. షెఫీల్డు విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రము చదివి పట్టభద్రురాలై, లండన్ నగరమున ఒక న్యాయవాది కార్యాలయములో కార్యదర్శినిగా చేరెను. చదువుకొన్న స్త్రీకి ఆ కాలమున అంతకంటె గొప్ప పదవి దొరకుట అరుదు. జీతము స్వల్పము. పని విసుగు పుట్టించునది. బహుశః ఆమె జీవితమంతయు ఆ కాగితముల నడుమనే గడచిపోయి యుండెడిది.

లండన్ నగర శివారున స్టాగ్ లేన్ అను చోట విమాన సంఘ మొకటి యుండెను. తక్కువ రుసుముతో అచ్చట విమానము నడపుట నేర్పుచుండిరి. 1928వ సంవత్సరమున ఎమీ అందు చేరెను. మొదటి పాఠము అవమానకరముగా ముగిసెను. తలకు పెట్టిన శిరస్త్రాణము ఆమెకు సరిపడక, శిక్షకుడు చెప్పిన మాటలు చెవికి వినబడలేదు. ఈమె కీ విద్య పట్టువడదని ఆయన నిశ్చయించెను. ఒంటరిగా ఎగురుటకు అనుమతి లభించుటకు ఆమెకు తక్కిన విద్యార్థులకంటె ఎక్కువ కాలమే పట్టెను. ఆమె సహజ ప్రతిభావంతురాలని చెప్పుటకు ఆధారమేమియు లేదు. ఈ సంగతి నేను కావలెననియే చెప్పుచున్నాను. తరగతిలో వెనుకబడితి మని క్రుంగిపోవు పిల్లలను ముప్పది యేండ్లు చూచినవాడను.

విమానము నడపుటతో ఆమె తృప్తి పొందలేదు. ఇంజను ఎట్లు పనిచేయునో, చెడిపోయినచో ఎట్లు బాగుచేయవలెనో తెలియకుండ గాలిలో తిరుగుట తెలివితక్కువ పని యని ఆమె తలంచెను. తెల్లవారకముందే స్టాగ్ లేన్ చేరి, కార్యాలయమునకు పోవు వేళవఱకు నూనె మరకల దుస్తులతో యంత్ర నిపుణుల ప్రక్కన పనిచేసెడిది. సాయంకాలము మరల అచ్చటికే వచ్చెడిది. మొదట ఆడుపిల్ల కిక్కడ నేమి పని యని వింతగా చూచిన ఆ నిపుణులే కొలది కాలమునకు ఆమెను జానీ యని మగపిల్లవాని పేరుతో పిలువసాగిరి. 1929వ సంవత్సరమున ఆమెకు విమాన చోదకుల పత్రము లభించెను. అదే సంవత్సరమున విమాన యంత్ర నిపుణుల పత్రమును గూడ సంపాదించెను. బ్రిటనులో ఈ రెండవ పత్రమును పొందిన మొదటి స్త్రీ ఆమెయే. తరువాత ఎడారులలోను, అడవుల ప్రక్కను ఆమె ప్రాణములు కాపాడినది ఈ రెండవ పత్రమే యనవచ్చును.

బర్ట్ హింక్లర్ అను ఆస్ట్రేలియా దేశీయుడు 1928వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున లండన్ నుండి డార్విన్‌నకు ఒంటరిగా పదునైదున్నర దినములలో ఎగిరి, లోకమును ఆశ్చర్యపఱచి యుండెను. ఆ కాలమును తగ్గింపవలెనని ఎమీ సంకల్పించెను. అప్పటికి ఆమె విమానము నడపిన అనుభవము నూరు గంటలైనను లేదు. ఆమె చేసిన ప్రయాణములలో మిక్కిలి దీర్ఘమైనది లండన్ నుండి తన పుట్టినిల్లగు హల్ పట్టణమునకు, అనగా నూటయేబది మైళ్లు! అట్టి పిల్ల పదునొకండు వేల మైళ్లు పోయెదనని చెప్పి ధనసహాయ మడిగినచో ఎవరు నమ్ముదురు? ఆమె పలువురికి జాబులు వ్రాసెను. చాలమంది నవ్వి ఊరకుండిరి. తుదకు తండ్రి కొంత యిచ్చెను. చమురు వ్యాపారి యగు వేక్‌ఫీల్డు ప్రభువు కొంత ధనమును, మార్గమున పెట్రోలును సమకూర్చుటకు అంగీకరించెను. ఆఱువందల పౌనులకు ఒక పాత విమానమును కొనిరి.

అది జిప్సీ మాత్ అను జాతి విమానము. ఒకే ఇంజను. కొయ్య చట్టమునకు బట్ట బిగించి, ఆ బట్టపై లేపనము పూసిన రెండంతస్తుల రెక్కలు. కూర్చుండు చోటికి కప్పు లేదు; గాలి, వాన, ఎండ, ఇసుక అన్నియు చోదకుని మొగముమీదనే. వేగము గంటకు ఎనుబది మైళ్లు, మహా యైన నింకొక అయిదు మైళ్లు హెచ్చు. నేటి మన రహదారులపై మంచి మోటారుకారు ఇంతటి వేగముతో పోగలదు. తండ్రి వ్యాపార చిహ్నమైన జేసన్ అను పేరునే ఆమె విమానమున కిడెను. గ్రీకుల పురాణగాథలో బంగారు ఉన్నికై నౌకాయాత్ర చేసిన వీరుని పేరది.

విద్యార్థులు ఇచ్చట ఒక చిన్న లెక్క చేయవచ్చును. గంటకు ఎనుబది మైళ్ల చొప్పున 11,000 మైళ్లు పోవుటకు సుమారు 137 గంటలు పట్టును. అది ఆఱు దినములైనను కాదు. మఱి హింక్లరునకు పదునైదున్నర దినము లేల పట్టినవి? అదనపు తొట్లు బిగించినను జేసన్ వంటి విమానము ఒక దినమున ఎనిమిది వందల మైళ్లకు మించి పోవుట కష్టము. చీకటిలో దారి చూపు సాధనము లప్పుడు లేవు. సూర్యాస్తమయమునకు లోపల ఎచ్చటనైన దిగవలెను. దిగిన తరువాత ఇంజనును విప్పి, తుడిచి, బిగించి, పెట్రోలు వడగట్టి పోసికొనవలెను. తోడు ఎవరును లేరు గనుక ఆ పని యంతయు చోదకునిదే. అటుపిమ్మట మిగిలిన రెండు మూడు గంటలు నిద్ర. రేడియో లేదు. వాతావరణ సమాచారము ఎక్కడో గాని దొరకదు. గాలిలో నుండు కాలముకంటె నేలపై గడచు కాలమే ఎక్కువ.

1930వ సంవత్సరము మే 5వ తేదీ ఉదయమున లండన్ సమీపమందలి క్రోయ్‌డన్ విమానాశ్రయమునుండి ఎమీ బయలుదేరెను. సాగనంపుటకు వచ్చినవారు తండ్రియు, కొలదిమంది మిత్రులును మాత్రమే. పెట్రోలు బరువుచే విమానము మొదటి పరుగున నేలను విడువలేదు. ఆమె దానిని ఆపి, వెనుకకు త్రిప్పి, మరల పరుగెత్తించెను. రెండవ సారి అది కంచెను కొంచెములో తప్పించుకొని పైకి లేచెను. ఒక ప్రక్కన అదనపు ప్రొపెల్లరు నొకదానిని త్రాళ్లతో కట్టియుంచిరి. ఆ ప్రొపెల్లరును మఱచిపోవలదు. రంగూనులో దానితో పని పడును.

మధ్యధరా సముద్రపు దారి పట్టక ఆమె వియన్నా, కాన్‌స్టాంటినోపుల్ నగరముల మీదుగా కురుచ దారిని ఎన్నుకొనెను. ముందున్న తొట్టిలోని పెట్రోలును చేతిపంపుతో పై తొట్టిలోనికి ఎక్కింపవలసి యుండెను. ఆ వాసనకు ఆమెకు తల త్రిప్పెడిది. మొదటి రాత్రి వియన్నా, రెండవ రాత్రి కాన్‌స్టాంటినోపుల్ చేరెను. ఈ నగరమునే నేడు ఇస్తాంబుల్ అందుము. మూడవ దినమున టారస్ పర్వతములు అడ్డము వచ్చినవి. బరువుతో నున్న జేసన్ ఆ శిఖరములకు పైగా ఎగురలేదు. ఆమె రైలుమార్గమును గుర్తు పెట్టుకొని కనుమలలో దూరెను. ఒకచోట మబ్బు క్రమ్మి ఏమియు కనబడలేదు. మబ్బు విడునప్పటికి కొండగోడ ఎదుట నుండెను. విమానమును ఒక ప్రక్కకు వంచి తప్పించుకొని, ఆ సాయంకాలమునకు అలెప్పో చేరెను.

నాల్గవ దినమున బాగ్దాదునకు పోవు దారిలో ఎడారి ఇసుక తుపాను ఆమెను చుట్టుకొనెను. వేల అడుగుల ఎత్తున నున్న విమానమును గాలి నేలకు చేరువగా పడద్రోసెను. కండ్లద్దములపై ధూళి కప్పివేసెను. నేల ఎక్కడ నున్నదో తెలియకయే చక్రములు ఇసుకను తాకినవి. అదృష్టవశమున విమానము బోర్ల పడలేదు. ఆమె క్రిందికి దుమికి, సామాను మూటలను చక్రముల ముందు పెట్టి, ఇసుక చొరకుండ ఇంజనుపై గుడ్డ కప్పి కట్టెను. ఎడారి కుక్కల అఱపులు వినవచ్చుచుండెను. చేత రివాల్వరు పట్టుకొని, గాలికి వీపు త్రిప్పి, రెక్క పట్టుకొని సుమారు మూడు గంటలు కూర్చుండెను. గాలి కొంత తగ్గిన వెంటనే ఇంజను త్రిప్పి మరల ఎగిరెను. బాగ్దాదులో దిగునపుడు చక్రములకు పైనుండు ఊత విఱిగెను. అచ్చటి పనివారు రాత్రి కూర్చుండి దానిని బాగుచేసి యిచ్చిరి.

పారశీక తీరమున బందర్ అబ్బాస్ దాటి, మే 10వ తేదీన, అనగా ఆఱవ దినమున, కరాచీ చేరెను. హింక్లరునకు కరాచీ చేరుటకు పట్టిన కాలముకంటె ఇది రెండు దినములు తక్కువ. అంతవఱకు ఆమెను గుఱించి పట్టించుకొనని పత్రికలు అప్పుడు మేలుకొనినవి. నిన్నటివఱకు ఎవరికిని తెలియని చేపల వర్తకుని కుమార్తె పేరు తెల్లవారునప్పటికి లోకమంతట మాఱుమ్రోగెను.

కరాచీ నుండి అలహాబాదునకు ఒకే దినమున పోవలెనని ఆమె ఉద్దేశము. కాని ఎదురుగాలి వీచెను. ఎదురుగాలి అనగా నేమో విమానము నడపువానికి తెలిసినట్లు మఱెవ్వరికిని తెలియదు. ఎనుబది మైళ్ల వేగముగల విమానమునకు ఇరువది మైళ్ల గాలి ఎదురైనచో, నేలపై దాని నడక అఱువది మైళ్లే యగును. పెట్రోలు మాత్రము మునుపటివలెనే ఖర్చగును. ఝాన్సీ దగ్గఱకు వచ్చునప్పటికి తొట్లు వట్టిపోయినవి. క్రింద సైనికుల కవాతు మైదాన మొకటి కనబడగా అందు దిగెను. అది విమానమునకు చాలని మైదానము. జేసన్ ఆగక సైనికులు ఇరుప్రక్కలకు పరుగెత్తుచుండగా బారకాసుల వైపునకు దూసుకొనిపోయి రెక్కకు దెబ్బ తగిలించుకొనెను. స్థానికుల సహాయమున దానిని సరిచేసికొని, మఱునాడు అలహాబాదులో దిగి పెట్రోలు పోయించుకొని, సాయంకాలమునకు కలకత్తా చేరెను. అప్పటికిని ఆమె హింక్లరుకంటె ముందే యుండెను.

మే 13వ తేదీన కలకత్తా నుండి రంగూనునకు బయలుదేరెను. ఋతుపవనములకు ముందు కురియు వానలు బర్మా తీరమును ముంచెత్తుచుండెను. రంగూనులో గుఱ్ఱపు పందెముల మైదానమున దిగవలసి యుండగా, ఆ వర్షములో దానిని గుర్తింపలేక, పొరపాటున ఆ నగరమునకు కొలది మైళ్ల దూరముననున్న ఇన్‌సీన్ అను చోట ఒక సాంకేతిక విద్యాలయపు ఆటస్థలమున దిగెను. విమానము ఆ స్థలమును దాటి అంచునగల గోతిలో ముక్కు దింపెను. ప్రొపెల్లరు ముక్కలైనది. చక్రము ఊడినది. రెక్క చీలిపోయినది. అంతదూరము వచ్చిన తరువాత జరిగిన ఈ నష్టమును చూచి ఆమె కన్నీరు పెట్టుకొనెను.

ఆమె దిగిన చోటు పాఠశాల యగుటయే మేలైనది. అచ్చటి అధ్యాపకులును, విద్యార్థులును తమ పనిముట్లతో పరుగెత్తుకొని వచ్చిరి. విఱిగిన రెక్క పక్కటెముకలను చూచి అట్టివే క్రొత్తవి కొయ్యతో చెక్కిరి. లోహపు భాగములను కొలిమిలో చేసిరి. కాని రెక్కకు కప్పుటకు విమానపు బట్ట ఎచ్చట దొరకును? మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట మిగిలిన విమానపు నారబట్ట కొంత ఆ ప్రాంతమునకు వచ్చియుండగా దానితో చొక్కాలు కుట్టించిరట. ఆ చొక్కాలను విప్పి, అతికి, రెక్కకు బిగించిరి! లేపనమును గూడ అచ్చటనే కలిపి తయారు చేసిరి. లండన్ నుండి మోసికొని వచ్చిన ప్రొపెల్లరును ముక్కునకు బిగించిరి. మూడవ నాటికి జేసన్ ఎగురుటకు సిద్ధమయ్యెను. హింక్లరును మించు ఆశ మాత్రము ఆ గోతిలోనే చాల వఱకు పోయినది. దినములు లెక్క పెట్టుకొనుచు, వానలో తడియుచు ఆ పని చేయించిన యువతి మనఃస్థితిని ఊహింపుడు. ప్రయాణము నచ్చటనే విరమించినను ఆమెను తప్పు పట్టువారు లేకుండిరి. అయినను ఆమె మే 16వ తేదీన బయలుదేరెను.

బాంగ్‌కాక్ చేరు దారి పర్వతములతోను, మబ్బులతోను నిండి యుండెను. అటుపిమ్మట సయాం దేశమందలి సింగోరా, ఆపైన సింగపూరు. జావా ద్వీపములో పెట్రోలు తఱిగి, ఒక చెఱకు తోట చేరువ దిగగా, నేలలో పాతియున్న వెదురు కొయ్యలు రెక్కల బట్టను చీల్చినవి. ఈసారి చొక్కాలును లేవు. గాయములకు అంటించు పట్టీలనే రెక్కల కంటించి ముందుకు సాగెను.

మే 22వ తేదీన టిమోరు ద్వీపములోని అతాంబువా చేరవలసి యుండగా చీకటి పడవచ్చెను. ఆమె ఒక పల్లె దగ్గఱ, మనిషెత్తు పుట్టలున్న పొలమున దిగెను. ఈటెలు, కత్తులు చేతబట్టి పల్లెజనులు చుట్టును మూగిరి. వారి భాష ఆమెకు రాదు, ఆమె భాష వారికి రాదు. భయపడిన యామెను వారు మర్యాదతో తమ మతాచార్యుని కడకు కొనిపోయిరి. అచ్చటి చర్చిలో ఆ రాత్రి తలదాచుకొనెను. ఆమె జాడ తెలియక లండన్‌లో పత్రికలు ఆందోళనతో వ్రాయుచుండగా, ఆమె భోజనము చేసి నిద్రించుచుండెను.

ఇక మిగిలినది టిమోరు సముద్రము. సుమారు అయిదువందల మైళ్లు నీరు తప్ప మఱేమియు లేదు. ఒకే ఇంజను. అది ఆగినచో కథ ముగిసినట్లే. మే 24వ తేదీ ఉదయమున ఆమె ఆ సముద్రముపైకి పోయెను. నడిదారిలో నొక చమురు ఓడను ఆమెకై నిలిపియుండిరి. దానిని చూచి ఆమె దాని చుట్టును తిరిగి, దిక్కు సరిచూచుకొని సాగిపోయెను. ఆ మధ్యాహ్నము డార్విన్ పట్టణమున జేసన్ చక్రములు నేలను తాకినవి. క్రోయ్‌డన్ విడిచి పందొమ్మిదిన్నర దినము లయ్యెను. హింక్లరుకంటె నాలుగు దినములు ఎక్కువ.

ఆమె తలపెట్టిన పని నెఱవేఱలేదు, నిజమే. కాని ఇంగ్లండునుండి ఆస్ట్రేలియాకు ఒంటరిగా ఎగిరిన మొదటి స్త్రీగా ఆమెను లోకము కొనియాడెను. ప్రభుత్వము బిరుదు నిచ్చెను. ఒక పత్రిక పదివేల పౌను లిచ్చెను. ఊరూర ఊరేగింపులు, విందులు, ఉపన్యాసములు. ఎడారిలో తుపానునకు చలింపని యామె ఈ సన్మానములకు అలసి అనారోగ్యము పాలయ్యెను. డార్విన్ చేరిన అయిదు దినములకే బ్రిస్బేను నగరమున దిగునపుడు విమానము తలక్రిందయ్యెను. ఆమెకు పెద్ద గాయము తగులలేదు. సిడ్నీ నగర బాలబాలికలు తమ చిల్లర డబ్బులు ప్రోగుచేసి ఆమెకు బహుమాన మిచ్చిరి. ఆ ధనముతో ఆమె ఒక బంగారు పాత్ర చేయించి, ధైర్యసాహసములు చూపిన బాలునికో, బాలికకో ఏటేట ఇచ్చుటకై తన హల్ పట్టణమునకు సమర్పించెను. ఆమెకు లభించిన బహుమతులలో ఎక్కువ కాలము ఉపయోగపడినది ఇదియే.

తరువాతి సంవత్సరములలో ఆమె చేసిన యాత్రలను క్లుప్తముగా చెప్పెదను. 1931వ సంవత్సరమున జాక్ హంఫ్రీస్ అను నిపుణునితో కలిసి లండన్ నుండి మాస్కో నగరమునకు ఒక్క దినములో ఎగిరెను. అటుపై సైబీరియా మీదుగా టోక్యో చేరెను. 1932వ సంవత్సరమున జిమ్ మాలిసన్ అను చోదకుని వివాహమాడెను. ఆతడు లండన్ నుండి దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరమునకు అతిశీఘ్రముగా పోయి కీర్తి గడించినవాడు. పెండ్లియైన కొలది మాసములకే ఎమీ ఒంటరిగా బయలుదేరి, అదే దూరమును 4 దినముల 6 గంటల 54 నిమిషములలో గడచి, భర్త కాలమునుండి సుమారు పదిగంటలు తగ్గించెను. 1933వ సంవత్సరమున దంపతు లిరువురు వేల్సు తీరమునుండి అట్లాంటిక్ మహాసముద్రమును దాటిరి. న్యూయార్కు ఇంక కొలది మైళ్లుండగా పెట్రోలు తఱిగి చీకటిలో విమానము కూలి ఇరువురును గాయపడిరి.

1934వ సంవత్సరమున ఇంగ్లండు నుండి ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్ను నగరమునకు విమానముల పందెము జరిగెను. ఆ దంపతులు కరాచీవఱకు అందఱికంటె శీఘ్రముగా వచ్చిరి. ఎమీకి నాలుగేండ్ల క్రిందట ఆఱు దినములు పట్టిన దూరమును ఇప్పుడు ఒక దినమునకు లోపలనే దాటిరి. కాని తరువాత దారి తప్పి జబ్బల్‌పూరులో దిగిరి. అచ్చట దొరకిన సాధారణ మోటారు పెట్రోలు ఆ ఇంజనులకు పడక అవి చెడిపోయినవి. అలహాబాదులో వారి పందెము ముగిసెను. ఆ పందెమున గెలిచినవారు మెల్‌బోర్ను చేరుటకు మూడు దినములైనను పట్టలేదు. దూరము కుదించుకొని పోవుచుండిన వేగ మట్టిది. 1936వ సంవత్సరమున ఎమీ మరల ఒంటరిగా కేప్‌టౌన్‌నకు పోయి, ఆ కాలమును 3 దినముల 6 గంటల 26 నిమిషములకు దింపెను. అదే ఆమె చివరి గొప్ప యాత్ర. రెండేండ్లకు వివాహబంధమును తెగిపోయెను.

రెండవ ప్రపంచయుద్ధము రాగా 1940వ సంవత్సరమున ఆమె విమాన రవాణా సహాయక దళమున చేరెను. కర్మాగారములనుండి, మరమ్మతు స్థలములనుండి యుద్ధ విమానములను సైనిక స్థావరములకు చేర్చుట ఈ దళము పని. లోకప్రసిద్ధురాలైనను, తక్కిన చోదకులతో సమానముగా, చెప్పిన విమానమును చెప్పిన చోటికి చేర్చుచు ఆమె ఆ పనిని నిర్వహించెను.

1941వ సంవత్సరము జనవరి 5వ తేదీన ఆమె బ్లాక్‌పూల్ పట్టణమునుండి ఆక్స్‌ఫర్డు చేరువనున్న కిడ్లింగ్టను స్థావరమునకు ఒక విమానమును కొనిపోవలసి యుండెను. ఈ రెంటి నడుమ దూరము సుమారు నూటయేబది మైళ్లు. గంట, మించినచో గంటన్నర ప్రయాణము. టిమోరు సముద్రమును దాటిన యామెకు ఇది యొక లెక్కలోనిది కాదు. ఆ దినమున మంచు దట్టముగా క్రమ్మి, చలి తీవ్రముగా నుండెను. మధ్యాహ్నమునకు కొంచెము ముందు ఆమె బయలుదేరెను. మూడున్నర గంటలు గడచిన పిమ్మట, చేరవలసిన చోటికి నూరు మైళ్లకు పైగా తూర్పున, థేమ్సు నది సముద్రమున కలియు చోట ఒక పారాచూటు నీటిపైకి దిగుటను హేసిల్మియర్ అను ఓడలోని నావికులు చూచిరి. దారి తప్పినదో, పెట్రోలు అయిపోయినదో, మఱి యే కారణమో నేటికిని నిశ్చయముగా తేలలేదు. నావికులు త్రాళ్లు విసరిరి. కెరటములు ఆమెను ఓడ వెనుకవైపునకు కొట్టుకొనిపోయినవి. ఓడ అధికారి వాల్టరు ఫ్లెచర్ ఆమెను కాపాడుటకై మంచువంటి ఆ నీటిలోనికి దుమికెను. ఆతనిని పైకి తీసిరి గాని చలిచే ఆతడును మరణించెను. ఎమీ శరీరము దొరకలేదు. అప్పటికి ఆమె వయస్సు ముప్పది యేడేండ్లు.

2018వ సంవత్సరమున ఆస్ట్రేలియా పశ్చిమ తీరమందలి పెర్త్ నగరమునకును లండన్‌నకును నడుమ ఎచ్చటను ఆగక సుమారు పదునేడు గంటలలో పోవు ప్రయాణిక విమానములు మొదలైనవి. వానిలోనివారు భోజనము చేసి, నిద్రించి, లేచునప్పటికి ఎడారియు, పర్వతములును, సముద్రమును క్రింద దాటిపోయి యుండును. జేసన్ మాత్రము లండన్ నగరమందలి విజ్ఞాన ప్రదర్శనశాలలో కప్పునుండి వ్రేలాడుచున్నది. ఆకుపచ్చని రంగుతో, బట్ట రెక్కలతో, చూచినవారికి ఇంత చిన్నదా యనిపించునట్లు.